జాలారి మొక్కల పంతం

"ఆ కొండమింద ఒక్క జాలారి మొక్క బతికితే నా పేరు కృష్ణయ్యే కాదు. వేర్లతో పీకిస్తా!"

జమ్మలమడుగు కోర్టుకు వాయిదా కోసం వచ్చిన రెండు ఊళ్ల జనం ముందు, టీ బంకు దగ్గర నిలబడి కృష్ణయ్య అన్న మాట ఇది. అవతలి గుంపులో వాళ్ల నాయకుడు గంగులయ్య ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయిన ఫారెస్టు రేంజరు సాలోమోను టీ గ్లాసు పట్టుకుని తల వంచుకున్నాడు.

పాపం, ఆయన ఎన్నో నెలలుగా గంగులయ్య ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. తంబజాలారి అని కూడా పిలిచే ఈ జాలారి చెట్టు ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప వేరే చోట కనిపించడమే అరుదు. ఏటేటా ఎండలు ముదిరి, వానలు వెనక్కి పోయి, కింది వాలులో చెట్లు నిలువునా ఎండిపోతున్నాయి. రాలిన గింజకు కొద్ది రోజుల్లో తడి తగలకపోతే ఇక మొలవదు. అందుకని సాలోమోను నర్సరీలో మొక్కలు పెంచి, కాస్త చల్లగా ఉండే ఉత్తరపు వాలులో, బాగా పైన నాటించాడు. మూడు ఎండాకాలాలు నీళ్లు పోసి, మేకలు మేయకుండా చూస్తే చాలు. ఆ తర్వాత వాటి బతుకు అవి చూసుకుంటాయి. కానీ ఆ వాలూ, అక్కడి ఊటబావీ గంగులయ్య ఊరి చేతిలో ఉన్నాయి.

"చీనీ చెట్లకే నీళ్లు ల్యాకపాయ. నీ అడివి చెట్లకు యాడ పోసేది సారూ?" అని గంగులయ్య ప్రతిసారీ మజ్జిగ ఇచ్చి పంపించేవాడు.

కోర్టు నుంచి వచ్చిన ఆ రోజు మాత్రం జీపు దిగకముందే కేక పెట్టాడు.

"పొద్దున్నే బిందెలెత్తుకోండి రా! ఒక్క మొక్క వాడినా మీ తోలు వలుస్తా!"

ఆయన కంగారుకు కారణం ఉంది. ఇక్కడ పగ మనుషుల కంటే ముందు చెట్ల మీద పడుతుంది. గంగులయ్య చీనీ తోటలో కాపు మీదున్న బత్తాయి చెట్లను నరికింది కృష్ణయ్య మనుషులే. దానికి బదులుగా కృష్ణయ్య తోటా మిగల్లేదు. గంగులయ్య పొద్దున ఒక పార్టీ కండువా కప్పుకుంటే కృష్ణయ్య సాయంత్రానికల్లా ఎదుటి పార్టీది కప్పుకునేవాడు.

"వాని పక్క కొండ మాడిపాయ. మన పక్క పచ్చగుంటే కండ్లు మండుతాండాయి వానికి," అన్నాడు గంగులయ్య.

కృష్ణయ్య ఊరు కొండకు దక్షిణాన ఉంది. ఆయన తాతలు గొర్రెలు తోలుకుని పోయి నీడన కూర్చున్న జాలారి చెట్లలో ఇప్పుడు ఒక్కటీ లేదు.

మొదటి ఎండాకాలం ఊరంతా బిందెలు మోసింది. ఆడవాళ్లు కొండెక్కుతూ కృష్ణయ్యను నోరారా తిట్టారు. మేకలు రాకుండా ముళ్లకంప వేశారు. వేటకొడవళ్లతో కాపలా కాశారు. మంత్రులకు కూడా అంత బందోబస్తు ఉండదు.

రెండో ఏడు విసుగు పుట్టింది. ఎన్నికలొచ్చాయి. పులివెందుల సభకు జనాన్ని తోలే హడావుడిలో మొక్కల సంగతి ఎవరికీ పట్టలేదు. ఆకులు వాలిపోయాయి. సరిగ్గా అప్పుడే చివరి వరుసలో ఒక మొక్కను ఎవరో నరికేసి ఉన్నారు.

"ఎప్పుడో చెదపట్టి సచ్చిన మొక్క గదన్నా అది," అన్నాడు గంగులయ్య తమ్ముడు రంగయ్య.

"సచ్చిందైతే ఏంది? మనదా కాదా?"

మర్నాటి నుంచి ప్రచారం జీపుల్లో నీళ్ల డ్రమ్ములు కొండెక్కాయి.

మూడో ఎండాకాలం మరీ ఘోరం. ప్రొద్దుటూరు వీధుల్లో మనుషులు వడదెబ్బకు కూలిపోతున్న రోజులవి. ఊటబావి ఎండింది. గంగులయ్య కొత్తగా పెట్టిన చీనీ తోటకు పారాల్సిన బోరు నీళ్లను కూడా కొండకే తోలించాడు. తోట కళ్లముందే మాడిపోయింది. భార్య ఆదిలక్ష్మమ్మ శాపనార్థాలు పెట్టింది. ఆయనకూ ఏడుపొచ్చింది. కానీ కృష్ణయ్య పదిమందిలో నవ్వుతాడన్న తలపు అంతకంటే భరించలేనిది.

జూన్‌లో గట్టి వాన పడింది. మొక్కలు నడుమెత్తు లేచి కొత్త చిగురు తొడిగాయి. ఇక నీళ్లు అక్కర్లేదని సాలోమోను చెప్పాడు.

గంగులయ్య జీపుల నిండా మనుషులతో, డప్పులతో కృష్ణయ్య ఊళ్లోకి పోయాడు. వాకిట్లో నిలబడ్డ కృష్ణయ్య ముఖాన జాలారి కొమ్మను విసిరి కొట్టాడు.

"చూడు! కొండంతా బతికినాయి. ఇంగ పేరు మార్చుకోని తిరుగు పో!"

కృష్ణయ్య మనుషులు సిగ్గుతో చచ్చిపోయారు.

"పట్టిన పంతం నిలబెట్టుకోల్యాకపాయ. ఈయప్పేం నాయకుడు?" అని ఒకడు ముఖం మీదే అనేసి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లూ అతని వెంటే కదిలారు.

కృష్ణయ్య డప్పుల మోత ఊరు దాటేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత కింద పడిన కొమ్మను తీసుకుని ఇంట్లోకి నడిచి తలుపు గడియ పెట్టాడు.

దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని, నడింట్లో తన కోసం కాచుకుని కూర్చున్న సాలోమోనును మెల్లగా అడిగాడు: "సారూ, ఈసారి ఏ చెట్టును బతకనీయనని ఒట్టు పెట్టమంటావు?"