ఖాతా మూసే పేజీ

"ఈ పెళ్ళి తెంచేస్తున్నాను," అంటూ పెళ్ళిసంబంధాల వెబ్‌సైటు యజమాని ప్రోగ్రామరమ్మ బల్లమీద ఫోను పడేశాడు. నిప్పు తొక్కిన కోతిలా ఉన్నాడు. వెనకే వచ్చిన కూతురు మూల కుర్చీలో కూలబడి, తలవంచుకుని ముక్కు ఎగబీల్చింది.

"ఎవరి పెళ్ళి సార్?"

"దీనిదే. పది రోజుల్లో పెళ్ళి పెట్టుకుని, కాబోయే అల్లుడు మన సైట్లోనే ఇంకా 'వధువు కావలెను' అని పళ్ళికిలిస్తున్నాడు, చూడు. నా కొట్లో నాకే టోపీ."

ఫొటోలో అల్లుడు నిజంగానే పళ్ళికిలిస్తున్నాడు.

"సంబంధం కుదిరిన రోజే ఖాతా మూసేస్తానన్నాడు. ఇప్పుడడిగితే 'ఎంత మూసినా మూసుకోవట్లేదు మామయ్యా' అంటాడు. మూసుకోకపోవడానికి అదేమన్నా సూట్‌కేసా? పది నిమిషాల్లో వాళ్ళ నాన్న ఫోన్ చేస్తాడు. ఈలోగా వీడు సైట్లో ఎక్కడెక్కడ తిరిగాడో తీసివ్వు. అది చదివి వినిపించి తెంచేస్తాను."

"తెంచెయ్ నాన్నా," అంది కూతురు తలెత్తకుండానే. "నా గురించి ఆలోచించకు. నేను తట్టుకుంటాను."

"విన్నావా? దాని గుండె పగిలిపోయింది."

సైట్లో ప్రతి పేజీకీ వెళ్ళడానికి ఒక రూటు, ఆ రూటుకో పేరు ఉంటాయి. ఎవరు ఏ రూటు అడిగారో సర్వర్ రాసిపెట్టుకుంటుంది. ప్రోగ్రామరమ్మ ఆ చిట్టా తీసింది.

"పంతొమ్మిది సార్లు వచ్చాడు సార్. పంతొమ్మిది సార్లూ ఒకటే అడిగాడు. ఖాతా మూసివేత."

"మరి మూసుకోలేదేం?"

ఆమె నీళ్ళు నమిలింది. "మీరే కదండీ, సభ్యులు తగ్గిపోతున్నారని రెండు నెలల కిందట కోడులో ఒక లైను రాయించారు. ఎవరు వచ్చినా, అడిగిన రూటు పేరేమిటో అది ముందు చూస్తుంది. 'ఖాతా మూసివేత' అయితే మెడపట్టి మొదటి పేజీకి తోసేస్తుంది. అప్పట్నుంచీ మనల్ని వదిలి ఒక్కరూ పోలేదు."

"ఆ గొప్పని వియ్యంకుడి దగ్గర కూడా చెప్పుకున్నాను," అన్నాడు యజమాని నీరసంగా.

అల్లుడి పళ్ళు ఇప్పుడు ఆయనకి ముత్యాల్లా కనపడ్డాయి.

"పంతొమ్మిది సార్లా. నేనైతే మూడోసారికే బూతులు తిట్టేవాణ్ణి. బంగారం లాంటి పిల్లాడు. చేజేతులా విడదీసేవాణ్ణి కదే అమ్మా. తెంచడం ఒక్క ఫోను పని. మళ్ళీ అతకడం ఎవరి తరం?"

కూతురు తలెత్తకుండా ఒళ్ళోని ఫోను మీద వేలు జరిపింది.

"ఆ దిక్కుమాలిన లైను పీకెయ్యమ్మా," అన్నాడాయన. "ముందు వీళ్ళిద్దర్నీ విడుదల చెయ్యి. మా పిచ్చితల్లి ఖాతా కూడా అందులోనే ఉందిగా. పాపం, దీన్నెన్నిసార్లు మెడపట్టి తోసిందో ఏమో, చూడు."

ప్రోగ్రామరమ్మ చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఆ పేజీకి అమ్మాయిగారు ఒక్కసారీ రాలేదు సార్."

"మరెక్కడికొచ్చింది?"

"కొత్త వరుల పేజీకండి. ఇప్పుడు కూడా అక్కడే ఉన్నారు."