పడవ లాగిన మనిషి

బిడ్డ ఒంటి మీది పొక్కులు మశూచివని తెలియగానే, పడవ లాగే కూలీలిద్దరూ తాళ్లు గట్టున పడేసి వెళ్లిపోయారు.

సువార్తికుడు యెహెజ్కేలు వాళ్ల వెనక కొంతదూరం పరుగెత్తి, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు.

రైలు ఇంకా రాని రోజులవి. రాజమండ్రి ఆసుపత్రికి చేరాలంటే ధవళేశ్వరం లాకుల దాకా కాలవ మీద పోవాల్సిందే. అదీ నీళ్లకు ఎదురు.

నలభై పల్లెల్లో ఎందరి మంచాల పక్కనో మోకరించి ప్రార్థించిన మనిషికి ఆ పూట ఒక్క మాటా నోటికి రాలేదు. పడవలో కూర్చోలేడు, గట్టున నిలవలేడు. కాస్త కుదురుగా ఉండమని భార్య రూతమ్మ రెండుసార్లు చెప్పింది. ఆమె ఒళ్లో ఆరేళ్ల రత్నమాణిక్యం మూలుగుతోంది.

అంతలో ఓ బక్కమనిషి గట్టు దిగి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. పడవ యజమాని వెంకన్నతో ఏదో మాట్లాడి, తాడు భుజాన వేసుకున్నాడు.

దాచడం యెహెజ్కేలుకి చేతకాదు.

"బిడ్డకి మశూచి."

"తెలుసండి."

పడవ కదిలింది. ఒంటి మనిషి లాగుడు, నత్తనడక. యెహెజ్కేలు గట్టు మీదికి దూకి రెండో తాడు పట్టాడు. అరమైలు పోకుండానే అరచేతులు బొబ్బలెక్కాయి.

"తండ్రి పక్కనుంటే బిడ్డకి ధైర్యమండి. మీరెళ్లి కూర్చోండి" అన్నాడతను.

మిట్టమధ్యాహ్నం అతను ఉన్నట్టుండి ఆగి, వేపమండలు విరిచి తెచ్చి రూతమ్మకిచ్చాడు. గోళ్లు తగలనివ్వకుండా వీటితో విసరమన్నాడు.

యెహెజ్కేలు వాటిని లాక్కుని కాలవలో పారేశాడు. ఇలాంటి వాటిని మాన్పించడానికే ఐదేళ్లుగా ఊరూరా తిరుగుతున్నానన్నాడు. ఆగకుండా లాగితే అదే పదివేలన్నాడు.

అతను మళ్లీ గట్టెక్కాడు. తాడు అందుకున్నాడు.

కాసేపటికి రూతమ్మే అతన్ని పిలిచి మళ్లీ మండలు అడిగింది. విసురుతుంటే బిడ్డ గోక్కోవడం మానేసి కళ్లు మూసుకుంది. యెహెజ్కేలు చూశాడు. ఈసారి మండల జోలికి పోలేదు. ఇంకెంతదూరమని వెంకన్నని మాత్రం పదోసారి అడిగాడు.

పొద్దువాలేవేళకి లాకులు చేరారు. బిడ్డని బండెక్కించి యెహెజ్కేలు వెనక్కి తిరిగేసరికి, అతను గట్టు వెంట అప్పుడే చాలా దూరం నడిచిపోయాడు.

రత్నమాణిక్యం బతికింది. బుగ్గల మీద మచ్చలు మిగిలాయి.

యెహెజ్కేలుకి మాత్రం మనసు నిలవలేదు. ప్రసంగం మధ్యలో ఆ మనిషి వీపు గుర్తొచ్చి మాట తడబడేది. నెల తిరిగాక, క్షమాపణ చెప్పుకుందామని, కొత్త పంచె ఒకటి పట్టుకుని వెంకన్న ఊరి రేవుకి వెళ్లాడు.

"ఇంకెక్కడి మనిషండి? మొన్ననే పెళ్లాం పిల్లలతో కోరంగి రేవులో రంగూన్ ఓడెక్కేశాడు. ఇక్కడ బతుకు లేదన్నాడండి."

"పేరైనా అడగలేదు నేను. ఎవరతను?"

వెంకన్న తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు.

"పోతురాజండి. మీ మాటలు విని పేటలో వాళ్లంతా మొక్కులు మానేసేదాకా, మా ఊరి అమ్మోరి గుళ్లో పూజారండి."