ఎడమవైపు బర్నరు

గ్యారంటీ కార్డు పోయిన రోజు గుమాస్తాగారు వంట చేసుకోలేదు.

పొద్దున్నే వంటింటి అరల్లో పరిచిన పాత పేపర్లు తీసి కొత్తవి వేశారు. పాతవి చెత్తబండిలో పడేశారు. బండి వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ఆ పేపర్ల మడతలోనే కార్డు ఉందని.

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తారు. బండి దొరకలేదు.

అది గ్యాస్ పొయ్యి కార్డు. పొయ్యి ఆయన భార్య కొన్నది. కొన్నరోజు ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది.

"మూడు పొయ్యిల డబ్బు పోసి ఒక్క పొయ్యి తెస్తావా?"

"రోజూ మనకి అన్నం పెట్టేది అదేనండీ. దాని దగ్గరా బేరాలు? మీ కోర్టు కేసుల్లాగా ఏళ్ళ తరబడి నడిచే వస్తువు కావాలి నాకు."

ఆమె పోయి నాలుగేళ్ళయింది. పొయ్యి మాత్రం మొదటిరోజులాగే నీలంగా మండుతోంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ కోర్టు కాగితాలు చదివిన మనిషి, ఆ ఒక్క కార్డును మాత్రం విప్పి చదవలేదు. లోపల, కొన్నవారు సంతకం చేయవలసిన చోట, ఆమె సంతకం ఉంది. అది చూడలేక, మడిచింది మడిచినట్టే పొయ్యి చూడటానికి వచ్చే మెకానిక్ చేతికి ఇచ్చేవారు. అతను వెనకవైపు తేదీ వేసి తిరిగి ఇచ్చేవాడు.

మెకానిక్ మూడు నెలలకోసారి, నెల మొదటి సోమవారం వచ్చేవాడు. ఆ ఇంటి తలుపు తట్టే మనిషి అతనొక్కడే. ఆ సోమవారాల్లో గుమాస్తాగారు గడ్డం గీసుకునేవారు. అతని కోసమా అని అడిగితే ఒప్పుకునేవారు కాదు. అడిగేవాళ్ళూ లేరు.

ఆమె పోయాక మొదటిసారి వచ్చినప్పుడు అతను ఎడమవైపు బర్నరును వేలితో తుడిచి చూశాడు. వేలికి దుమ్ము అంటింది. కుడివైపు దాని చుట్టూ టీ మరకలు తప్ప ఏమీ లేవు.

"ఇలాగైతే కష్టం సార్."

"ఏమయింది?"

"రెండు బర్నర్లూ రోజూ వెలగాలి. లేకపోతే గ్యారంటీ చెల్లదు."

"అలాంటి రూలు ఉందా?"

"ఉంది సార్. టీ పెడితే లెక్కలోకి రాదు. ఒక్కోటీ ఇరవై నిమిషాలైనా మండాలి."

రూలంటే రూలే. ఆ రోజు నుంచి ఒకదాని మీద అన్నం, రెండోదాని మీద కూర. మొదట్లో మాడ్చారు. తర్వాత చెయ్యి కుదిరింది. వండినది పారేయడానికి మనసొప్పక తిన్నారు. వేలాడుతున్న చొక్కాలు మళ్ళీ ఒంటికి సరిపోయాయి.

ఇప్పుడు కార్డు పోయింది. గ్యారంటీ పోతే, ఆమె కొన్నది కూడా ఏదో ఒకరోజు మామూలు ఇనుప సామానైపోతుంది.

ఆయన ఇంకా అరలు వెతుకుతుండగానే మెకానిక్ వచ్చాడు.

"ఏం సార్, పొయ్యి చల్లగా ఉంది? మీరూ అదీ మాట్లాడుకోవట్లేదా?"

"కార్డు పోయిందయ్యా."

"పోతే పోనివ్వండి సార్. పొయ్యి ఉంది కదా."

గుమాస్తాగారు తలెత్తి చూశారు.

"కార్డు లేకుండానే పని చేస్తావా?"

"చేస్తాను సార్, దానిదేముంది."

"కాగితం లేకుండా ఏ కంపెనీవాడు చేస్తాడు? ఏదీ, నీ గుర్తింపు కార్డు చూపించు."

మెకానిక్ చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"లేదు సార్."

"అనుకున్నాను. ఎవరయ్యా నువ్వు? ఒంటరివాడి ఇల్లని కనిపెట్టి వస్తున్నావా?"

"సార్, ఇవాళ ఒక మాట చెప్పిపోదామని వచ్చాను. ఇకమీదట..."

"ఇకమీదట ఈ గుమ్మం తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను."

మెకానిక్ సంచి భుజాన వేసుకున్నాడు. మెట్లు దిగి వెనక్కి తిరిగాడు.

"రెండూ వెలిగించడం మాత్రం మానకండి సార్."

గుమాస్తాగారు తలుపు వేసుకున్నారు.

మర్నాడు పొయ్యి కొన్న దుకాణానికి వెళ్ళారు. మెకానిక్ మీద ఫిర్యాదు రాసుకుని మరీ వెళ్ళారు. పొయ్యి నంబరు ఆయనకు కంఠతా వచ్చు. అది చెప్పి కొత్త కార్డు అడిగితే, కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసింది.

"దీనికి డూప్లికేట్ కార్డు రాదు సార్. రెండేళ్ళ గ్యారంటీయే. ఎప్పుడో అయిపోయింది."

"అదెలా? రెండు బర్నర్లూ రోజూ తప్పకుండా వెలిగిస్తున్నానమ్మా!"

ఆ అమ్మాయి నవ్వింది.

"రెండూ వెలిగించాలని ఎవరు చెప్పారు సార్? అలాంటి రూలేం లేదు. ఏడాదిపాటు ముట్టుకోకపోయినా బర్నరుకేం కాదు."

"మీ మెకానికే చెప్పాడు. పొట్టిగా ఉంటాడు. కుడిచెయ్యి చూపుడువేలికి గోరు లేదు."

"ఆయనా? ఆయన రిటైరై నాలుగేళ్ళు దాటింది సార్. నిన్న సాయంత్రం అందరికీ చెప్పిపోదామని వచ్చారు. ఈ ఊళ్ళో గది ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారట. పొద్దున్న బస్సుకే వెళ్ళిపోయుంటారు."

"చిరునామా ఏమైనా..."

"ఇవ్వలేదు సార్. ఫిర్యాదు అన్నారు, ఏదీ?"

గుమాస్తాగారు చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.

ఇంటికొచ్చి రెండు బర్నర్లూ వెలిగించారు.

ఏ కంపెనీ పంపకుండానే నాలుగేళ్ళలో పదహారుసార్లు వచ్చిన ఆ మనిషిని ఆయన ఒక్కసారి కూడా భోజనానికి కూర్చోమనలేదు.