నాలుగో ఇంజినీరు

ఆ అపార్టుమెంటులో ఎవరి లాకరు ఏ గోడలో ఉందో పట్టపగలే, ఇంటివాళ్లే దగ్గరుండి గదులన్నీ చూపిస్తుంటే తెలుసుకోవాలన్నది పిల్లి పథకం.

పిల్లి అంటే మనిషే. అడుగుల చప్పుడు వినిపించదని తోటి దొంగలు ముద్దుగా పెట్టిన పేరది. కిందటి నెల ఊళ్లో భూమి కాస్త కంపించింది. మంచాలు కదిలాయి, గిన్నెలు దొర్లాయి, అంతే. కానీ ఆ రోజు నుంచి జనానికి కంటిమీద కునుకు లేదు, భవనాల గట్టితనం పరీక్షించే ఇంజినీర్లకు తీరిక లేదు. వాళ్లలో ఒకాయన కారులోంచి పిల్లి ఒక మిషన్ కొట్టేశాడు. ఇస్త్రీపెట్టెంత ఉంటుంది. గోడకు ఆనించి జరిపితే, లోపల ఇనుము ఉన్నచోట కుయ్‌మని మోగి, తెర మీద అంకెలు చూపిస్తుంది. ఇంజినీరుకు దాంతో పిల్లర్లలోని ఇనప చువ్వలు దొరుకుతాయి, దొంగకు లాకర్లు దొరుకుతాయి.

నెత్తిన హెల్మెట్, మెడలో ఏదో కార్డు. గేటు దగ్గర అడిగిన పాపాన పోయినవాడు లేడు.

సొసైటీ సెక్రటరీ రిటైరైన లెక్కల టీచరమ్మ. మెట్ల పక్క గోడకు అద్దాల చట్రాల్లో మూడు సర్టిఫికెట్లు వేలాడుతున్నాయి. మూడింటి మీదా "భవనం దృఢంగా ఉంది" అని రాసి, కింద గుండ్రటి ముద్ర.

"ఇప్పటికే ముగ్గురు వచ్చి చూసి వెళ్లారండీ," అందావిడ.

"నాలుగో పరీక్ష కొత్త రూలమ్మా," అంటూ పిల్లి మిషన్ ఆన్ చేశాడు.

టీచరమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "అలాగా బాబూ! అయితే పద, నేనూ వస్తా."

'అండీ' కాస్తా 'బాబూ' అయింది. పెద్దావిడకు తన మీద అభిమానం పుట్టింది కాబోలని మురిసిపోయాడు పిల్లి.

పని నల్లేరు మీద బండిలా సాగింది. రెండో అంతస్తులో నగల కొట్టాయన పడకగదిలో, బీరువా వెనక మిషన్ గగ్గోలు పెట్టింది. మూడో అంతస్తులో డాక్టరుగారి నిలువుటద్దం వెనకా అంతే. పిల్లి గంభీరంగా తలాడించి కాగితం మీద రాసుకున్నాడు. టీచరమ్మ మాత్రం ఫోన్ చేతిలోంచి దించలేదు.

"గోడలు సరే, పిల్లర్లు చూడవా?" అందావిడ చివరికి.

చూడకపోతే బాగుండదని కింద పార్కింగ్‌లో ఒక పిల్లర్‌కు మిషన్ ఆనించాడు. మోగలేదు. పాడైందేమోనని తన తాళాలగుత్తికి పెట్టి చూశాడు. కుయ్‌మంది. పిల్లర్ చుట్టూ జరిపాడు. రెండుసార్లు మోగి ఊరుకుంది. పక్క పిల్లరూ అంతే. దాని పక్కదీ అంతే.

పిల్లికి ముచ్చెమటలు పోశాయి. దొంగతనాల్లోకి దిగకముందు పదేళ్లు పిల్లర్లకు చువ్వలు వంచి కట్టే రాడ్ బెండింగ్ పని చేసిన చేతులవి. అంత లావు పిల్లర్లో తక్కువలో తక్కువ ఎనిమిది చువ్వలుండాలి. పైన ఐదంతస్తులు, ఇరవై కుటుంబాలు. ఈ భవనంలో ఇనుమంతా లాకర్లలోనే ఉంది!

అక్కణ్ణించి ఉడాయిద్దామనుకున్నాడు. అంతలో ఒక తల్లి చంటిపిల్లను భుజాన వేసుకుని మెట్లెక్కుతూ కనిపించింది. పాడు మనసు, కాళ్లకు అడ్డం పడింది.

"అమ్మా, అందర్నీ ఖాళీ చేయించండి. ఈసారి భూమి గట్టిగా తుమ్మితే చాలు, ఎవరూ మిగలరు. పిల్లర్ల చుట్టూ కొత్త చువ్వలు కట్టి, కాంక్రీటు పోసి లావు చేసేదాకా ఇక్కడెవరూ పడుకోకూడదు."

"ఏ పిల్లర్లో ఎన్ని చువ్వలున్నాయో రాసివ్వు."

రాశాడు. సంతకం దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది.

"నా సంతకం చెల్లదమ్మా. నేను ఇంజినీరును కాను."

"తెలుసు. మిషన్ చూపించిన ప్రతి అంకే నా ఫోన్‌లో ఉంది. ఆ లాకర్ల కాగితం ఇలా ఇచ్చేసి, మిషన్ పట్టుకుని నాతో మున్సిపల్ కమిషనర్ ఆఫీసుకి నడు."

పిల్లి కాగితం ఇచ్చేసి, ఆవిడ వెనకే మెట్ల దగ్గరికి నడిచాడు. "నేను దొంగనని మీకెప్పుడు తెలిసింది?"

"మెట్ల దగ్గరే," అంది టీచరమ్మ, సర్టిఫికెట్లు ఒక్కొక్కటే గోడ మీంచి దించుతూ. "అసలు ఇంజినీర్లు ముగ్గురొచ్చారు. మిషన్ ఆన్ చేసినవాడివి నువ్వొక్కడివే!"