ఫ్లోర్ మేనేజరు బ్యాడ్జీ

“మన రేషన్ కార్డు తీసీసినారే,” అంది జ్ఞానసుందరి, విజయనగరంలో కూతురు పనిచేసే చీరల షోరూములోకి వస్తూనే.

చీర మడతపెడుతున్న రూబీ చేతులు ఆగిపోయాయి. “ఎందుకంట?”

“మొన్న సర్వేవోళ్లు నువ్వేటి సేస్తన్నావని అడిగినారు. ఫ్లోర్ మేనేజరని సెప్పి, బ్యాడ్జీతో దిగిన నీ ఫొటో సూపించినాను. మేనేజరున్న ఇంటికి కార్డెందుకని కొట్టీసినారు.”

రూబీ తల్లిని తీసుకుని యజమాని తిరుమలరావు దగ్గరికి వెళ్లింది. “నేను చీరలు మడతపెట్టే పనిమనిషినని కాగితం రాసివ్వండి సార్.”

“అలాంటోళ్లు మా షాపులో లేరమ్మా. అందరూ మేనేజర్లే. అలా రాసిస్తే షాపు పరువేం కాను?”

జ్ఞానసుందరి షాపంతా కలియజూసింది. బ్యాడ్జీలు పెట్టుకున్న ఆడపిల్లలందరూ నిలబడే ఉన్నారు.

“నీ కుర్సీ ఏదే?” అంది మెల్లగా.

“నేదమ్మా. కూకుంటే ఆ పూట జీతం కోసీస్తారు.”

రూబీ బ్యాడ్జీ విప్పి, గుమ్మం దగ్గర పట్టుచీర కట్టి నిలబెట్టిన బొమ్మకు గుచ్చింది.

“మీ మేనేజరు ఇదే సార్. పొద్దస్తమానం నిలబడే ఉంటాది. దీనికి రేషను బియ్యం కూడా అక్కర్నేదు.”