గాలి పైపుకు చిల్లు

"బాపూ, ఇది పాతబడి పగిలింది కాదు. ఎవరో దబ్బనంతోని పొడిచిన్రు," అన్నాడు మెకానిక్ శ్రావణ్‌కుమార్, బానెట్ కిందినుంచి తల బయటికి తీసి.

ప్రేమయ్య నమ్మలేదు. సాతంరాయి దాటుతుండగా కారు గజగజ వణికి ఆగిపోతే, దారినపోయేవాళ్ల చేత తోయించి, రోడ్డు పక్కనున్న ఈ కుర్ర మెకానిక్ షెడ్డులో పెట్టించాడు. పద్దెనిమిదేళ్ల కారు. మూడు నెలలుగా ఇదే తంతు. సిగ్నల్ దగ్గర నిలబడితే చలిజ్వరం వచ్చినట్టు ఊగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కమంటే మొరాయిస్తుంది. ప్లగ్గులు మార్చినా, పెట్రోలు ఫిల్టరు మార్చినా నలభై దాటి పోదు.

శ్రావణ్‌కుమార్ ఆ సన్నటి రబ్బరు పైపు అతని చేతిలో పెట్టాడు. ప్రేమయ్య బొటనవేలితో తడిమాడు. చిల్లు తగిలింది.

"ఈడికెళ్లి గాలి ఎక్కువ పోతున్నది. అందుకే నిలబడితే వణుకుడు. ఇగ ఇది చూడు." కుర్రవాడు గాలి ఫిల్టరు డబ్బా వెనకనుంచి నాలుగు మడతలు పెట్టిన రెగ్జిన్ ముక్క ఒకటి లాగాడు. "ఇక్కడేమో సగం మూసిన్రు. ఊపిరాడకుంటే ఇంజన్‌కు పికప్ ఎట్లొస్తది? నీ బండి ఎవరు చూస్తరు బాపూ?"

ఆ బానెట్ మీద మెకానిక్ పాండు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడింది లేదు. శంషాబాద్‌లో అందరూ అతన్ని ప్రేమయ్య తమ్ముడనే అనుకుంటారు. మూడు నెలలుగా ప్రతిసారీ ఇంజన్‌లోకి తొంగిచూసి, పెదవి విరిచి, "దీని పని అయిపోయిందన్నా, అమ్మెయ్" అంటున్నదీ ఆ పాండే.

"కొత్త పైపు వేసెయ్ తమ్మీ," అన్నాడు ప్రేమయ్య, రెగ్జిన్ ముక్కను జేబులో కుక్కుకుంటూ.

దుప్పట్ల మూట ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్న సీతమ్మ అంతా విన్నది. "ఇంటికి పోదం పా. ఎండ మండుతున్నది," అంది.

"ఇంటికి కాదు. పాండు కాడికి."

ఆమె ఒళ్లోని మూటను దగ్గరికి లాక్కుంది.

పైపు వేశాక కారు కొత్తదానిలా నడిచింది. నిలబడితే ఇంజన్ చప్పుడే లేదు. తొక్కితే రివ్వున పోతోంది. కోపం కాలిలోకి దిగినట్టు ప్రేమయ్య తొక్కుతూనే ఉన్నాడు. పక్కనుంచి సీతమ్మ, "మెల్లగ... మెల్లగ! ఎడమకు, ఎడమకు పోనియ్యి!" అని అరుస్తూనే ఉంది. ఆ అరుపులు అతని చెవికెక్కలేదు. వెనకనుంచి హారన్లు మోగినా లెక్కచెయ్యలేదు.

పాండు షాపు ఎదురుగా బండి ఆపి, విసురుగా లోపలికి వెళ్లి, రెగ్జిన్ ముక్కను బల్ల మీదికి విసిరికొట్టాడు.

"ఇదేంది పాండూ?"

పాండు చేతిలోని పానా కింద పెట్టాడు. ముక్కను చూశాడు. బుకాయిస్తాడనుకున్నాడు ప్రేమయ్య. బుకాయించినా బాగుండేది.

"నేనే పెట్టిన అన్నా."

"పైపు పొడిచింది?"

"అది గూడ నేనే."

"ఎందుకురా? సస్తాల కొట్టేద్దామనుకున్నవా నా బండిని? అడిగితే ఊరికెనే ఇచ్చెటోణ్ణి గదరా!"

"నీ బండి నాకెందుకన్నా..." పాండు ప్రేమయ్య భుజం మీదుగా వెనక్కి చూశాడు. గొంతు తగ్గించాడు. "వదినె చెప్పింది."

"ఏ వదినె?"

"మా సీతమ్మ వదినె. మూడు నెలల కింద ఆటోల వచ్చింది. ఎట్లన్న జేసి ఈ బండిని పండబెట్టు తమ్మీ, ఆయన చేతుల స్టీరింగ్ ఉండొద్దు అన్నది. ఏడ్సింది. ఎందుకంటే అన్నా..."

"చాలు!"

పాండు చేసింది ఒక ఎత్తు. బండి ఆగిన ప్రతిసారీ సీతమ్మ కొంగుతో ప్రేమయ్య చెమట తుడిచి, "పోనీలే, పాతదైంది గద" అని ఓదార్చింది ఒక ఎత్తు. అన్నీ తెలిసే ఓదార్చింది. బండిని చంపమని చెప్పొచ్చి, పక్క సీట్లో కూర్చుని జాలి చూపించింది.

గడప దగ్గర నిలబడ్డవాళ్లెవరినో రాసుకుంటూ బయటికి నడిచాడు. ఎండ కళ్లల్లో కొట్టింది. కారు దగ్గరికి వెళ్లి కిటికీ మీద చెయ్యి వేసి వంగాడు. సీతమ్మ తల మీదుగా పచ్చ శాలువా కప్పుకుని, తలుపు వైపు ఒరిగి కూర్చుని కనిపించింది.

"సంతోషమేనా?" అన్నాడు. "నలభై ఏండ్లల నీకు చెప్పకుంట ఒక్క పని జేసిననా? కారు వద్దనిపిస్తే నా మొకం మీద చెప్పొద్దా? పాండు ముందల నన్ను పిచ్చోణ్ణి జేస్తివి గద!"

ఆమె ఉలకలేదు, పలకలేదు.

"పరాయోడు మోసం జేస్తే దులుపుకొని పోత. నువ్వు జేస్తే యాడికి పోవాలె నేను?" కన్నీళ్లు బుగ్గల మీదికి జారాయి. తుడుచుకోలేదు. "గీ ఒక్కటి చెప్పు సీతా. నా మీద నమ్మకం ఎప్పుడు పోయింది నీకు? మాట్లాడవేంది? కనీసం నా దిక్కు తిరిగి చూడు!"

"నేను ఈడున్ననయ్యా." వెనక, పాండు షాపు గడప దగ్గరనుంచి సీతమ్మ గొంతు మెల్లగా వినిపించింది. "సీట్ల ఉన్నది ఉతకనీకె తెచ్చిన దుప్పట్ల మూట. గిందుకే నీ చేతుల స్టీరింగ్ వద్దన్న."