బిందెడు నీళ్ళు

సమస్త జీవుల భారాన్ని మోస్తూ, మన పాదస్పర్శను సైతం మన్నించే భూమాతకు ప్రణమిల్లి ఈ కథను ఆరంభిస్తున్నాను.

బోయిన్‌పల్లి దారిలో, లోహాలను ఉప్పునీటిలో ముంచి, కరెంటు పారించి, తుప్పు పట్టే తీరును పరీక్షించే ప్రయోగశాల ఒకటి ఉండేది.

నడివేసవి. తాళాలు తీయకముందే ఒక వృద్ధుడు సైకిలు మీద బిందె తెచ్చి, గోడవారనున్న మూతలేని గుంటలో నీళ్ళు పోసి, గుప్పెడు కల్లుప్పు చల్లుతున్నాడు.

పర్వతాలు అనే కావలివాడు అది చూశాడు.

"సార్! జెర ఇటు రాండ్రి! గుంటల ఉప్పు, కింద బొగ్గులు! బాణామతి సార్ ఇది!"

అప్పుడే వచ్చిన ప్రయోగశాల అధిపతి సదాశివ రసాయనశాస్త్రంలో పట్టభద్రుడు. అయినా నవ్వలేదు. ఒక అడుగు వెనక్కు వేశాడు.

"ఎవరయ్యా నువ్వు? ఎవరి మీద చేస్తున్నవ్ ఇది?"

"అయ్యో, ఇది ఎర్తింగు గుంటండీ. ఉప్పూ బొగ్గూ తడిని నిలపడానికేనండీ. ఎండలకు ఆరిపోయింది. తడి లేకపోతే కరెంటు భూమిలోకి దిగదండీ. లోపల మిషను ముట్టుకున్నవాళ్ళకు షాకు కొడుతుంది."

"మా మిషన్ సంగతి నీకెవరు చెప్పిన్రు?"

వృద్ధుడు నోరు తెరిచాడు. ఏదో తలచుకుని మూసుకున్నాడు.

"అడుగుతున్న గదా! మా ఆఫీసుల ఎవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"దొరకంగనే ఎట్ల నోరు పడిపోయిందో చూడుండ్రి సార్," అంటూ పర్వతాలు బిందె లాక్కుని విసిరాడు.

అది వృద్ధుని నుదుటికి తగిలింది. నెత్తురు కనుబొమ మీదుగా కారింది.

ఆయన తుడుచుకోలేదు. చేతులు జోడించాడు.

"నన్ను కొట్టినా సరేనండీ. రోజూ ఈ గుంటలో బిందెడు నీళ్ళు మాత్రం మీరే పోయించండి."

"పోయిస్తం. నీ నోట్లె తులసితీర్థం సుత పోయిస్తం. నడువ్!" అన్నాడు సదాశివ.

ఆ సాయంత్రమే సదాశివ గుంటను సిమెంటుతో మూయించాడు. దాని మీద నిమ్మకాయ కోయించి, దిష్టి కూడా తీయించాడు.

నాలుగు రోజుల్లో ఎండలు ఇంకా ముదిరాయి. ఒకనాటి ఉదయం సహాయకురాలు మేబెల్ ఆయన బల్ల ముందు నిలబడింది.

"సార్, మిషన్ ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటోంది. ఇదివరకటికన్నా ఎక్కువైంది."

"మల్ల షురూ చేసినవా? భయమైతే నౌకరీ ఇడిచిపెట్టు. ఈ ముచ్చట బయట ఎక్కడన్న ఎత్తినవని తెలిస్తే నేనే తీసేస్త."

ఆమె జీతమే ఆమె ఇంటికి ఆధారం. తల వంచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఉప్పునీటి పాత్రలోని లోహపు పలకను సరిచేసి, ఆ తడిచేతితోనే యంత్రపు పెట్టెను పట్టుకుంది.

పట్టిన చెయ్యి మళ్ళీ విడిపడలేదు.

పొద్దు వాలాక సదాశివ, పర్వతాలును వెంటబెట్టుకుని, కబురు చెప్పడానికి కార్ఖానా బస్తీలోని మేబెల్ ఇంటికి వెళ్ళాడు.

తలుపు తెరుచుకుంది. తీసినవాని నుదుట కట్టు ఉంది.

వారిని చూడగానే ఆయన గడపలోనే మోకాళ్ళ మీద కూలబడి, సదాశివ పాదాలు పట్టుకున్నాడు.

"అయ్యగారూ, ఆ గుంట ఛాయలకు మళ్ళీ రానండీ! నా కూతురు బయట ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో నాతో చెప్పుకుందంతే. ఈ తండ్రి చేసిన తప్పుకు మా మేబెల్‌ను ఉద్యోగంలోంచి తీసేయకండి!"

ఈ కథ విన్న ప్రతి ఇంటి బిడ్డా దీపాలవేళకు క్షేమంగా గడపలో అడుగుపెట్టుగాక!